చిన్న పుల్లీ, చల్లని గాలి: సూపర్‌ఛార్జర్ కారుకు ఇంటి దగ్గర చేసుకునే మార్పులు

సూపర్‌ఛార్జర్ ఉన్న కారుకు ఇంటి దగ్గరే పుల్లీ మార్చుకోవడం, గాలి లోపలికి వెళ్లే దారిని మెరుగుపరచుకోవడం ఈనాటి ప్రసంగ విషయం. ఈ రెండూ వేర్వేరు పనులుగా కనిపించినా, నిజానికి ఒకే లెక్కలోని రెండు పద్దులు. పుల్లీ చిన్నదైతే ఇంజనులోకి వెళ్లే గాలి పెరుగుతుంది; ఆ గాలితోపాటు వేడీ పెరుగుతుంది. గాలిని పెంచడం ఒక్క పూట పని. పెరిగిన వేడిని అదుపులో ఉంచడమే అసలు పని, ఈ ప్రసంగం ముఖ్యంగా దాని గురించే.

విషయం ఒక కారును ఆధారం చేసుకొని చెబితే తేలికగా పట్టుబడుతుంది. 2002లో మార్కెట్లోకి వచ్చి 2006 దాకా తయారైన మినీ కూపర్ ఎస్ అందుకు అన్ని విధాలా తగినది. కర్మాగారం సంకేతం ప్రకారం దీన్ని ఆర్ 53 అంటారు. కారును ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో కూర్చేవారు. దాని 1,598 సీసీల ఇంజను మాత్రం బ్రెజిల్‌లో, క్రైస్లర్, బీఎండబ్ల్యూ సంస్థలు ఉమ్మడిగా నెలకొల్పిన ట్రైటెక్ కర్మాగారంలో తయారయ్యేది. మొదట 163 హార్స్‌పవర్, 2004 మార్పుల తరువాత 170 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ ఇంజనుకు ఈటన్ సంస్థ చేసిన ఎం 45 అనే సూపర్‌ఛార్జర్ అమర్చారు. తరువాతి తరం కూపర్ ఎస్‌లో దాని స్థానంలో టర్బోఛార్జర్ వచ్చింది. మినీ కార్లు భారతదేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చేనాటికి టర్బో తరమే నడుస్తోంది కాబట్టి, ఇక్కడ ఈ పాత కారు కనిపించడం అరుదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఉంటూ, పాత కారు కొని సొంత గరాజులో పానాలు పట్టే అలవాటున్న తెలుగువారికి మాత్రం ఇది అందుబాటులోనే ఉంటుంది.

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టే యంత్రం. మామూలు ఇంజను పిస్టన్ కిందికి దిగినప్పుడు పీల్చుకోగలిగినంత గాలితోనే సరిపెట్టుకుంటుంది. సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజనుకు అంతకంటే ఎక్కువ గాలి అందుతుంది, ఎక్కువ గాలి ఉన్నచోట ఎక్కువ పెట్రోలును మండించవచ్చు, అందువల్ల చిన్న ఇంజనే పెద్ద ఇంజను బలం చూపగలుగుతుంది. టర్బోఛార్జర్ పొగగొట్టం గుండా పోయే వేడి వాయువుల శక్తితో తిరిగితే, సూపర్‌ఛార్జర్ ఇంజను క్రాంక్ షాఫ్టు నుంచి వచ్చే బెల్టుతో తిరుగుతుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన బ్లోయరే ఎం 45కు మూలం. పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు రోటర్లు గాలిని ఒకవైపు నుంచి దొరకబుచ్చుకొని రెండోవైపుకు తోసేస్తాయి. మెర్సిడెస్ సంస్థ సూపర్‌ఛార్జర్ కార్లను 1921లోనే బెర్లిన్ ప్రదర్శనలో పెట్టింది కాబట్టి, కార్లలోనూ ఈ ఆలోచన కొత్తదేమీ కాదు.

ఇక్కడ చిన్న గుణకారం అవసరం. ఎం 45 పేరులోని 45 అంకె, రోటర్లు ఒక్క చుట్టు తిరిగితే 45 ఘనపు అంగుళాల గాలి, అంటే ఇంచుమించు 0.74 లీటరు, కదులుతుందని చెబుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను ప్రతి రెండు చుట్లకు ఒకసారే తన పూర్తి పరిమాణం మేరకు గాలి తీసుకుంటుంది కాబట్టి, 1,598 సీసీల ఇంజనుకు ఒక్కో చుట్టుకు కావలసినది 0.8 లీటరు. కర్మాగారం బిగించిన పుల్లీతో సూపర్‌ఛార్జర్ ఇంజను వేగానికి దాదాపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. అంటే ఇంజను 0.8 లీటరు అడిగేచోట సూపర్‌ఛార్జర్ 1.48 లీటర్ల దాకా తెచ్చి పోస్తుంది. చోటు చాలని ఆ గాలి ఇంజను ముందున్న గొట్టాలలో కుదించుకుపోతుంది. దాని వల్ల పెరిగే ఒత్తిడినే బూస్టు అంటారు.

సూపర్‌ఛార్జర్ మీది పుల్లీ వ్యాసాన్ని 15 శాతం తగ్గిస్తే వేగం 15 శాతమే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ లెక్క అలా రాదు. వ్యాసం 100 ఉన్నచోట 85 అయితే, వేగం 100ను 85తో భాగించినంత, అంటే ఇంచుమించు 17.6 శాతం పెరుగుతుంది. ఇంజను నిమిషానికి 6,500 చుట్లు తిరిగేటప్పుడు 13,000 దగ్గర ఉండే రోటర్లు ఆ పుల్లీతో 15,300 దగ్గరికి చేరతాయి. 1.48 లీటర్ల గాలి 1.74 లీటర్లవుతుంది. ఈ అంకె వినగానే ఉత్సాహం కలగడం సహజమే. ఆ గాలి ఎంత వేడిగా వస్తుందో తెలుసుకున్న తరువాతే ఆ ఉత్సాహానికి విలువ కట్టాలి.

సైకిల్ ట్యూబుకు చేతిపంపుతో గాలి కొట్టిన ప్రతివారికీ పంపు అడుగుభాగం వేడెక్కడం అనుభవమే. రాపిడి కొంత కారణమైనా, ప్రధాన కారణం గాలిని కుదించడం. కుదించిన గాలి వేడెక్కి తీరుతుంది. పైగా రూట్స్ తరహా సూపర్‌ఛార్జర్ గాలిని తనలోపల నెమ్మదిగా కుదించదు. తెచ్చిన గాలిని ఒత్తిడి ఉన్నచోటికి ఒక్కసారిగా తోసేస్తుంది కాబట్టి, కొంత శ్రమ పూర్తిగా వేడిగా మారిపోతుంది. బయటి గాలి 30 డిగ్రీలున్న రోజున, ఒత్తిడి వాతావరణానికి 1.8 రెట్లయ్యేలా 60 శాతం సామర్థ్యంతో కుదిస్తే, గాలి 120 డిగ్రీల పైచిలుకు వేడితో బయటికి వస్తుందని సూత్రం చెబుతుంది. ఒత్తిడిని రెండు రెట్లకు పెంచి, అధిక వేగం వల్ల సామర్థ్యం 55 శాతానికి పడిపోతుందనుకుంటే, ఆ వేడి 150 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలచబడుతుంది. పలచబడిన గాలిలో ఆక్సిజన్ తక్కువ. అంతకంటే ప్రమాదం మరొకటుంది. వేడి హద్దు మీరితే స్పార్క్ ప్లగ్గు రగిలించిన మంట చేరకముందే సిలిండరు మూలన మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. అది మొదలైందని సెన్సారు గుర్తించగానే ఇంజను కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేస్తుంది, పుల్లీ మార్చి సంపాదించిన బలంలో కొంత అక్కడే పోతుంది, అదుపు తప్పితే పిస్టన్లే దెబ్బతింటాయి.

పుల్లీ పెంచేది గాలిని మాత్రమే కాదు, వేడిని కూడా. శ్రోతలు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, తరువాత చెప్పబోయే పనులు ఆ వరుసలోనే ఎందుకు జరగాలో వాటంతటవే అర్థమవుతాయి.

మొదటి పని కొత్త పుల్లీ కొనడం కాదు. ఉన్న సూపర్‌ఛార్జర్ ఆరోగ్యం చూడడం. ఎం 45 రోటర్లు ఒకదానికొకటి తగలకుండా తిరిగేలా పట్టి ఉంచే గేర్లకు సొంత నూనె ఉంటుంది; ఇంజను ఆయిలుతో దానికి సంబంధం లేదు. ఆర్ 53లో సూపర్‌ఛార్జర్ రెండో కొసన మరో చిన్న గేర్ల పెట్టె ఉంది, ఇంజనును చల్లబరిచే నీటి పంపు దాని ద్వారానే తిరుగుతుంది. ఈ నూనె కారు ఉన్నంతకాలం మార్చనక్కరలేదనే భావనతో పోసినది కాబట్టి, ఇరవయ్యేళ్లు దాటిన కార్లలో దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడమే సాధారణం. విప్పి చూస్తే ముందువైపు నూనె నల్లబడి, ముక్కు మూసుకోవలసినంత ఘాటైన వాసన వేస్తుంది; నీటి పంపు వైపు పెట్టెలో కొన్నిసార్లు చుక్క కూడా మిగలదు, గేరు పళ్లు అరిగి పదునుతేలి ఉంటాయి. ఆ పళ్లు పూర్తిగా అరిగిపోతే నీటి పంపు ఆగిపోతుంది, నడిరోడ్డు మీద ఇంజను కాగిపోతుంది. చిన్న పుల్లీ బిగించడమంటే ఈ గేర్లను, ఈ పంపును కూడా 17.6 శాతం అదనపు వేగంతో తిప్పడమే. నూనె సంగతి తేల్చుకోకుండా పుల్లీ మార్చడం ఎంతమాత్రం మంచిది కాదు. సూపర్‌ఛార్జర్‌ను దింపి, రెండు పెట్టెలలోనూ నిర్ణీత రకం నూనె పోసి, సీళ్లు మార్చి, అవసరమైతే నీటి పంపునూ మార్చి తిరిగి ఎక్కించడం పుల్లీ పని కంటే పెద్ద పనే. అయినా ముందు జరగవలసింది అదే.

వేగం పెంచడానికి మరో దారి కూడా ఉంది. సూపర్‌ఛార్జర్ పుల్లీని తగ్గించే బదులు, క్రాంక్ షాఫ్టు మీది పుల్లీని పెద్దది చేయవచ్చు. అయితే అదే బెల్టు ఆల్టర్నేటరునూ ఏసీ కంప్రెసరునూ తిప్పుతుంది కాబట్టి, క్రాంక్ పుల్లీ పెరిగితే అవసరం లేకపోయినా వాటి వేగమూ పెరుగుతుంది. పైగా క్రాంక్ పుల్లీ కేవలం బెల్టు తిప్పే చక్రం కాదు; దాని లోపలి ఇనుప భాగానికీ బయటి వలయానికీ మధ్య ఉన్న రబ్బరు పొర, ప్రతి పేలుడుకూ షాఫ్టులో పుట్టే మెలికల కంపాన్ని అణచివేస్తుంది. బరువు తగ్గుతుందన్న ఆశతో రబ్బరు లేని గట్టి పుల్లీని పెట్టడం షాఫ్టుకూ బేరింగులకూ చేటు. ఆర్ 53లో ఆ రబ్బరు కాలక్రమేణా ఊడిపోవడం తెలిసిన లోపమే కనుక, బెల్టు తీసిన రోజున దాన్ని వేలితో తడిమి, పగుళ్లున్నాయేమో, వలయం పక్కకు జరిగిందేమో చూడడం అవసరం.

ఇక పుల్లీ మార్పిడి. చల్లబడిన ఇంజను మీదే పని మొదలుపెట్టాలి. ఆర్ 53లో బ్యాటరీ బానెట్టు కింద కాక డిక్కీలో ఉంటుంది. దాని నెగటివ్ తీగను ముందుగా విప్పాలి. కారు ముందుభాగాన్ని జాకీతో ఎత్తిన తరువాత స్టాండ్ల మీద నిలపాలి, జాకీ మీదే వదిలేసి కిందికి దూరకూడదు. కుడివైపు ముందు చక్రాన్నీ, దాని వెనుకనున్న ప్లాస్టిక్ కవచాన్నీ తీస్తే బెల్టు కనిపిస్తుంది. ఇంజనుకూ కారు చట్రానికీ మధ్య చోటు చాలా తక్కువ కాబట్టి, ఇంజను అడుగున చెక్కముక్క పెట్టి రెండో జాకీతో ఆసరా ఇచ్చి, కుడివైపు మౌంటు బోల్టు విప్పి, ఇంజనును కొద్దిగా పైకీ కిందికీ కదిలించుకుంటూ పని చేయాలి. బెల్టును బిగువుగా ఉంచే స్ప్రింగు చేతిని టెన్షనర్ అంటారు. దాన్ని తగిన సాధనంతో వెనక్కు లాగి, రంధ్రంలో పిన్ను దూర్చి ఆపితే బెల్టు వదులవుతుంది. ఆ స్ప్రింగు బలం తక్కువది కాదు. పిన్ను సరిగా దిగిందని నిర్ధారించుకోకుండా వేళ్లు అటు పెట్టకూడదు.

పాత పుల్లీ షాఫ్టు మీద ఒత్తిడితో బిగుసుకొని ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే నట్టు ఏదీ ఉండదు. ఈ పనికే చేసిన పుల్లర్ పుల్లీ గాడులను చుట్టూ కరిచి పట్టుకొని, మధ్య మరతో షాఫ్టును నెడుతూ పుల్లీని బయటికి లాగుతుంది. మర తిప్పుతున్నకొద్దీ బిగువు పెరిగి, కొంతసేపు ఏమీ కదలనట్టే ఉండి, ఉన్నట్టుండి ఒక పెద్ద చప్పుడుతో పుల్లీ వెంట్రుకవాసి జరుగుతుంది. అక్కడి నుంచి అది మెల్లగా జారుకుంటూ వస్తుంది. మొరాయిస్తే పుల్లీని మాత్రం వేడి చేయవచ్చు, కానీ వెనుకనున్న సీలు కాలిపోకుండా చూసుకోవాలి. ఎట్టి పరిస్థితిలోనూ సుత్తి వాడరాదు. షాఫ్టు కొస మీద పడే ఒక్క దెబ్బ నేరుగా బేరింగులకూ రోటర్లకూ చేరుతుంది, వాటి మధ్య ఖాళీ కంటికి ఆననంత సన్నం. కొత్త పుల్లీలలో చాలావరకు రెండు ముక్కలుగా వస్తాయి: షాఫ్టును పట్టుకునే లోపలి భాగం, బెల్టు నడిచే బయటి వలయం. వాటిని కలిపే బోల్టులను ఒక్కటొక్కటిగా పూర్తిగా బిగించేయక, ఎదురెదురు వాటిని కొద్దికొద్దిగా బిగిస్తూ, చివరకు తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో తేవాలి. పుల్లీ చిన్నదైంది కాబట్టి బెల్టూ ఆ మేరకు పొట్టిది కావాలి. పాత బెల్టునే వేస్తే టెన్షనర్ చాలినంత బిగించలేక బెల్టు జారుతుంది, జారిన బెల్టు గాలిని పెంచదు.

గాలి వెళ్లే దారి ఇక రెండో పద్దు. ఇంటేక్ అంటే బయటి గాలి ఫిల్టరు గుండా, యాక్సిలరేటరు నొక్కితే తెరుచుకునే త్రాటిల్ దాకా చేరే మార్గమంతా. ఆర్ 53లో త్రాటిల్, సూపర్‌ఛార్జర్‌కు ముందే ఉంటుంది. సూపర్‌ఛార్జర్ ప్రతి చుట్టుకూ ఒకే పరిమాణం గాలిని తోస్తుంది. ఆ పరిమాణంలో ఎంత బరువు గాలి ఉందన్నది లోపలికి వచ్చే గాలి చిక్కదనం మీద ఆధారపడుతుంది. ఫిల్టరు దగ్గర అడ్డంకి వల్ల పోయిన కొద్దిపాటి ఒత్తిడి సూపర్‌ఛార్జర్ దాటేసరికి రెండింతలుగా లెక్కకు వస్తుంది కాబట్టి, ఇంటేక్‌ను తేలిక చేయడం సూపర్‌ఛార్జర్ కారులో మామూలు కారులో కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. వేడి సంగతీ అంతే. 30 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే చిక్కదనం 3 శాతానికి పైగా పెరుగుతుంది.

అందుకే మార్కెట్లో దొరికే శంఖువు ఆకారపు ఫిల్టరును, పాత ఎయిర్ బాక్సు తీసేసి, ఏ మరుగూ లేకుండా బానెట్టు కింద వదిలేయడం మేలు కంటే కీడే ఎక్కువ చేసే పని. దాని శబ్దం బాగుంటుంది, రోటర్ల ఈల స్పష్టంగా వినబడుతుంది, బలం పెరిగిందన్న భావన కలుగుతుంది. కానీ అది పీల్చేది ఇంజను చుట్టూ కాగిన గాలిని. ఫిల్టరును ఇంజను నుంచి వేరుచేసే గోడ ఉండాలి, ఆ గోడ పైఅంచున బానెట్టును తాకే రబ్బరు పట్టీ ఉండాలి, ముందు గ్రిల్లు వైపు నుంచో అద్దం కిందనున్న జాలీ వైపు నుంచో బయటి గాలి నేరుగా ఆ అరలోకి రావాలి. ఈ షరతులు పాటించే పెట్టె ఏ కంపెనీదైనా పనికొస్తుంది. రేకుతో ఇంట్లో మడిచి చేసుకున్నదైనా సరే. ఆర్ 53లో ఇంజను కంప్యూటరు ఎయిర్ బాక్సు పక్కనే ఉంటుంది కనుక, పెట్టె విప్పేటప్పుడు దాని తీగల మీద బరువు పడకుండా, వాన నీరు అటు చేరకుండా జాగ్రత్త పడాలి. నూనె పూసే గుడ్డ ఫిల్టరుకు నూనె పలచగానే పట్టించాలి.

సూపర్‌ఛార్జర్ దాటిన వేడి గాలిని చల్లబరిచే రేడియేటరు వంటి పరికరం ఇంటర్‌కూలర్. ఈ కారులో అది ఇంజను నెత్తినే కూర్చుంటుంది, బానెట్టు మీది నోటి గుండా వచ్చే ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. కొత్త పుల్లీకి అసలైన తోడు ఇదే అయినా దీన్ని పట్టించుకునేవారు తక్కువ. వంగిన రెక్కలను సన్నని పరికరంతో సరిచేయడం, రెండు కొసలనున్న రబ్బరు తొడుగులలో చీలికలు వెతకడం, బానెట్టు నోటికీ ఇంటర్‌కూలర్‌కూ మధ్యనున్న స్పాంజి పట్టీ శిథిలమైతే కొత్తది అతికించడం ఖర్చులేని పనులు. ఆ పట్టీ లేకపోతే ఎదురుగాలి ఇంటర్‌కూలర్ గుండా పోకుండా పక్క సందుల నుంచి తప్పించుకుంటుంది.

స్పార్క్ ప్లగ్గులను ఒక మెట్టు చల్లని రకానికి మార్చడం 15 శాతం పుల్లీతో ఆనవాయితీగా చేసేదే. చల్లని ప్లగ్గు అంటే కొసన పుట్టే వేడిని సిలిండరు హెడ్డుకు త్వరగా చేరవేసే ప్లగ్గు. పెట్రోలు విషయంలో ఒక పొరపాటుకు అవకాశముంది. అమెరికా బంకుల్లో కనిపించే 91 ఆక్టేన్ అంకె, ఐరోపాలోని 95 అంకె దాదాపు ఒకే నాణ్యతను సూచిస్తాయి. కొలిచే పద్ధతులు వేరు. ఏ దేశంలోనైనా బంకులో దొరికే మేలైన రకమే ఈ ఇంజనుకు పోయాలి. ఇంజను కంప్యూటరు ఒత్తిడి సెన్సారును చూసి కొంతవరకు ఇంధనాన్ని సర్దుకుంటుంది, కానీ కర్మాగారం ఊహించని బూస్టుకు దానిలోని ఇంధన పట్టికలు సరిపోతాయని భరోసా లేదు. పూర్తి త్రాటిల్ దగ్గర మిశ్రమం పలచబడుతోందో లేదో తెలిసినవారి చేత కొలిపించి, అవసరమైతే పట్టికలు తిరగరాయించాలి.

చట్టం మాట కూడా ముందే చూసుకోవాలి. బ్రిటన్‌లో ఇటువంటి మార్పులను బీమా సంస్థకు తెలపాలి. కాలిఫోర్నియాలో ఇంటేక్ భాగాలకు అక్కడి వాయు వనరుల మండలి అనుమతి సంఖ్య ఉండాలి. భారతదేశంలో మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహన మార్పులకు హద్దులు పెడుతుంది.

పని ముగిశాక తొలి ప్రయాణం చిన్నదిగా ఉండాలి. ఇంజను చల్లారాక పుల్లీ బోల్టుల బిగువు మళ్లీ చూడాలి, బెల్టు గాడుల చుట్టూ నల్లని రబ్బరు పొడి రాలిందేమో గమనించాలి; పొడి ఉంటే బెల్టు జారుతోందనో, పుల్లీ వరుస తప్పిందనో అర్థం. ఆ తరువాత, ఇంజను కంప్యూటరు అంకెలను చదివి చూపే, చవకగా దొరికే రీడరును డాష్‌బోర్డు కిందనున్న సాకెట్‌కు తగిలించి, ఇంజనులోకి చేరే గాలి ఉష్ణోగ్రతను చూడాలి. మార్పులకు ముందే అదే రోడ్డు మీద, అదే గేరులో, అటువంటి వాతావరణంలోనే ఒక కొలత రాసి పెట్టుకొని ఉంటే పోల్చడం సులువవుతుంది. ఒకసారి గట్టిగా నడిపి, కొంతదూరం నెమ్మదిగా పోనిచ్చి, మళ్లీ గట్టిగా నడిపినప్పుడు ఉష్ణోగ్రత మొదటిసారి ఎంతకు చేరిందో దాదాపు అంతకే చేరి ఆగితే, పెరిగిన గాలిని ఆ కారు మోయగలుగుతోందన్నమాట. ప్రతిసారీ ముందటికంటే పైకి పోతూ ఉంటే, ఇంటర్‌కూలర్‌ను పెద్దదానితో మార్చేదాకా 15 శాతం పుల్లీని పక్కన పెట్టి, వ్యాసం 11 శాతమే తగ్గిన పుల్లీతో సరిపెట్టుకోవాలి.